సుంకం లేని సరుకు

పగడపు రంగు తెరచాపలు, నెమలి ముఖాల నావలు, కర్పూరపు బుట్టలు, ఏనుగు దంతాల మోపులు, వింజామరలు వీచే దాసీల నడుమ ఊగుతూ పోయే ముత్యాల పల్లకీలు! చంద్రవంక రాజ్యపు రేవుపట్టణం హంసమేఖల ఆ సూర్యోదయ వేళ ఇంద్రుడి కొలువులా ధగధగలాడుతూ ఉంది. ధగధగలాడక ఏం చేస్తుంది? పక్క రాజ్యం కడుపు కొడితే ఎవరి పట్టణమైనా ధగధగలాడుతుంది.

ఆ ధగధగల మధ్య గోచీ బిగించి, నెత్తిన ఉప్పు బస్తా పెట్టుకుని, పళ్ళు పటపట కొరుకుతూ ఒక యువకుడు నావ ఎక్కుతున్నాడు. తోటి కూలీలు అతణ్ణి మూగవాడనుకుంటున్నారు. మూగవాడేమీ కాదు. నోరు తెరిస్తే తిట్లు తప్ప మరేమీ రావని తెలిసి, పని చెడకుండా మూడు రోజులుగా నోరు కట్టుకున్నాడు. అతడే మైలారు. మేఘగిరి రాజ్యంలో గొర్రెలు కాచి గొంగళ్ళు నేసే ఇంట పుట్టినవాడు.

ఇతడు ఈ వేషం ఎందుకు కట్టవలసి వచ్చిందో వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. రెండేళ్ళ కిందట మేఘగిరి రాజు కనకసేనుడూ, చంద్రవంక రాజు చిత్రబాహుడూ ఒకే పంక్తిలో భోంచేసి ఒక సంధి రాసుకున్నారు. చంద్రవంకలో తయారైన ఏ సరుకైనా మేఘగిరిలోకి సుంకం లేకుండా రావచ్చు. మేఘగిరి సరుకు అలాగే అటు పోవచ్చు. మూడో దేశపు సరుకైతే మాత్రం విలువలో సగం సుంకంగా కట్టాలి. "ఇకమీదట మన రాజ్యంలో లేనిదంటూ ఉండదు, మన దగ్గర ఉన్నదేదీ వృథాగా పోదు" అని మేఘగిరి మంత్రి మృదుభాషి తేనె పూసినట్టు చెప్పాడు.

అబద్ధమాడకూడదు. మొదటి ఏడు అందరూ చప్పట్లు కొట్టారు. మైలారు కూడా కొట్టాడు. చంద్రవంక ఎండుచేపలు చవకగా వచ్చాయి. మేఘగిరి గుహల్లో దొరికే కొండ ఉప్పుకు అటువైపు గిరాకీ పెరిగి, ఉప్పు తవ్వేవాళ్ళ గుడిసెల మీద పెంకులు లేచాయి.

రెండో ఏడు గొంగళ్ళు వచ్చాయి. పాలనురగ లాంటి తెల్ల గొంగళ్ళు, మేఘగిరి గొంగడి వెలలో మూడో వంతుకే. చలికి వణికే పేదవాడు చవకది కొనుక్కుంటే తప్పు పట్టేదెవరు? నాలుగు వందల మగ్గాలు ఆగిపోయాయి. మగ్గం గుంతల్లో కోళ్ళు పొదిగాయి. మరోవైపు ఉప్పంతా కనుమ దాటిపోతూ ఉంటే, ఉప్పు పుట్టిన దేశంలోనే ఉప్పు దొరకలేదు. బాలింతలు చప్పిడి కూడు తిన్నారు. మందలు ఉప్పు కోసం గోడల సున్నం నాకి నాకి చచ్చాయి. రాకూడనిది వచ్చింది, పోకూడనిది పోయింది. సంధి మాత్రం పట్టు బట్టలో చుట్టి, రాజుగారి భోషాణంలో చల్లగా ఉంది.

మైలారు అక్క దానమ్మ నేతగాళ్ళకు పెద్దదిక్కు. ఆమె ఊరుకునే మనిషి కాదు. ఆ తెల్ల గొంగడిని నిండు కొలువులో నీళ్ళలో ముంచి, రాజు ముందు పిండింది. గొంగడి తడిస్తే గొర్రె వాసన రావాలి. అది పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ గొంగడి మాత్రం చెమట పట్టిన మనిషి తల వాసన కొట్టింది.

"ఇది చంద్రవంకలో పుట్టిన సరుకు కాదు సామీ! వాళ్ళ ముద్ర ఉంటే సాలునా? యాడ పుట్టిందో అడగండి" అంది దానమ్మ.

కొలువంతా ముక్కు మూసుకుని నవ్వింది. గొంగడి వాసన చూసి రాజ్యమేలాలా అని ఒక పండితుడు శ్లోకం కూడా చెప్పాడు. మృదుభాషి మృదువుగానే తీర్పు ఇచ్చాడు. మిత్రరాజ్యపు ముద్రను శంకించిన దానమ్మను చంద్రవంకకు అప్పగించాలి. ఆ తరువాత ఆమె బతుకు వాళ్ళ దయ. సంధిని మరో నూరేళ్ళకు పొడిగిస్తూ సంతకాలు చేసే రోజున, సూర్యాస్తమయం లోపల రుజువు తెస్తే మాత్రం ఆమెను వదులుతారు, సంధిని చింపేస్తారు. మైలారు నావ ఎక్కుతున్న ఈ ఉదయానికి ఆ రోజు ఎల్లుండే!

కనుమదారిలో మనుషుల రాకపోకలను మంత్రి ఏనాడో ఆపించాడు. సరుకుకే దారి, మనిషి దాటాలంటే సరుకు తోలే బిళ్ళ ఉండాలి. అందుకే మైలారు నడుముకు తాడు కట్టుకుని, కొండకొమ్ముల మీదుగా ఐదు రోజులు పాకి ఈ పట్టణం చేరాడు. మూడు రోజులు రేవులో బస్తాలు మోస్తూ కళ్ళు తెరుచుకుని చూశాడు. మేఘగిరి ఉప్పు ఈ నావ ఎక్కి సముద్రంలోకి పోతోంది. తెల్ల గొంగళ్ళు ఇదే నావలో సముద్రం మీద నుంచి వస్తున్నాయి. రేవులో దిగేసరికే వాటి మీద చంద్రవంక ముద్ర ఉంటోంది!

నావ కదిలింది. మైలారు పక్కన ఒక పొట్టి కూలీ కూర్చుని ఉన్నాడు. గుబురు మీసాలు. సముద్రపు గాలికి ఆ మీసం ఒక కొస లేచి, చెంప మీద కొట్టుకుంటోంది. మైలారు కాసేపు చూశాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"అప్పా, నీ మీసం ఊడిపోతాంది. అది నల్లగొర్రె తొడబొచ్చు. అతుక్కోదు. మెడబొచ్చు పెట్టుకొనుంటే నిలబడేది" అన్నాడు మెల్లగా.

కూలీ చెయ్యి చటుక్కున మొలలోని కత్తి మీదికి పోయింది. "నీకు నోరు లేదనుకుంటిమే!"

"నీకు మీసముందని మేమూ అనుకుంటిమి గదక్కా."

ఆమె పేరు బయ్యమ్మ. చంద్రవంకలో గొంగళ్ళు నేసే ఆమె. చంద్రవంక అనే మాట వినగానే మైలారుకు మూడు రోజుల కోపం ఒక్కసారి పొంగింది. "మీ గొంగళ్ళొచ్చి మా కొంపలు ముంచినాయి. మా అక్క చెరసాల్లో ఉండాది. ఎంత తిన్నా కడుపు నిండదా మీకు?" అని పళ్ళ బిగువున అన్నాడు.

బయ్యమ్మ అతని వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "మా గొంగళ్ళా? మా ఊర్లో మగ్గమాడి ఏడాదిన్నరయింది. మేఘగిరోళ్ళు చవగ్గా నేసి మా మీదికి తోల్తాండారని మా రాజు మనుషులు చాటింపేసినారు. మిమ్మల్ని తిట్టకుండా నేను అన్నం తిన్న దినం ల్యా! మా నాయన సన్నప్ప సంగతేందో చూసొస్తానని ఇదే నావెక్కి, మళ్ళీ రాలా."

ఇన్నాళ్ళూ ఒకరినొకరు శాపనార్థాలు పెట్టుకున్న రెండు రాజ్యాల నేతగాళ్ళు ఒకే గోతిలో పడి ఉన్నారని ఆ ఇద్దరికీ అప్పుడు తెలిసింది. మైలారు నావ అంచును గుద్దిన గుద్దుకు పిడికిలి నెత్తురు కారింది.

జాము పొద్దెక్కేసరికి సముద్రం మీద ఒక దీవి కనిపించింది. ఏ రాజు పటంలోనూ లేని దీవి అది. స్ఫటికపు మెట్లు, వెండి ద్వారాలు, ద్వారాల మీద వజ్రాలు చెక్కిన మేషముఖాలు, వాటి మీదుగా పాలపొంగులా ఎగసిపడే తెల్లని పొగ. పొగ వెనుక పొడవాటి పందిరి. పందిరి కింద వెయ్యి మగ్గాలు! గుంతలో మనిషి లేడు, పోగు తోసే నాడె పట్టిన చెయ్యి లేదు. మగ్గాలు వాటంతట అవే టకటకా ఆడుతున్నాయి. ఆ చివర ఇద్దరు రాక్షసులు కూర్చుని, నేసిన ప్రతి గొంగడి మీద నెలవంక ముద్రను ధనాధన్ కొడుతున్నారు. చంద్రవంక రాజముద్ర! రాజు ఎవరికో సంచెడు ముద్రలు అరువిచ్చి, తన నేతగాళ్ళనూ పక్క రాజ్యపు నేతగాళ్ళనూ ఒకే దెబ్బకు ముంచాడన్నమాట.

"చూసితివా? ఇది మూడో దేశపు సరుకు. సగం సుంకం కట్టాల్సిన సరుకు" అన్నాడు మైలారు.

"మరి బొచ్చు? ఇన్ని గొంగళ్ళకు బొచ్చు యాడిది?" అంది బయ్యమ్మ.

బస్తాలు దించే సందడిలో ఇద్దరూ తప్పించుకుని మగ్గాల వెనుకకు పాకారు. అక్కడ కొండ అంచున ఒక దడి, దడికి ఒక సందు, ఆ సందుకు అడ్డంగా ఏనుగంత పొట్టేలు! దానికి రెండు తలలు, నాలుగు కొమ్ములు. ముక్కుల్లోంచి నిప్పురవ్వలు. మైలారును చూడగానే రెండు గొంతులతో రంకెవేసింది.

బయ్యమ్మ కత్తి దూసింది. "కత్తి లోపల పెట్టుకో అక్కా. ఎంత రాక్షసిదైనా పొట్టేలు పొట్టేలే" అన్నాడు మైలారు. అతడు పక్కకు జరిగి, దాని వెనుక కొండ అంచు వచ్చేలా తనవైపు తిప్పుకుని, వంగి, రెండు చేతులూ కొమ్ముల్లా తలకు పెట్టుకుని, నేలను కాలితో గీరాడు. పొట్టేలుకు పౌరుషం వచ్చింది. ఢీకొట్టే ముందు ఏ పొట్టేలైనా వెనక్కి తగ్గుతుంది. ఇది నాలుగడుగులు తగ్గింది. మైలారు మరింత గీరాడు. అది మరింత బలంగా కొట్టాలని ఇంకో పదడుగులు తగ్గింది. పదకొండో అడుగుకు వెనుక నేల లేదు. రెండు తలలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ సముద్రంలోకి జారిపోయాయి.

దడి దాటి చూస్తే కనుచూపు మేర మంద. వేల గొర్రెలు. ఇంత దారుణమైన కత్తిరింపు మైలారు తన జన్మలో చూడలేదు. గొర్రెల కాపరి మందను ముందు వాగులో కడుగుతాడు, ఆరనిస్తాడు, మెత్తగా ఒళ్ళో పడుకోబెట్టుకుని కత్తిరిస్తాడు. ఇక్కడ తోలుతో సహా చెక్కినట్టున్నారు. ఎర్రని పుండ్ల మీదనే మళ్ళీ బొచ్చు మొలుస్తోంది. మైలారు వాటికి దగ్గరవాలనుకున్నాడు. పక్కనే రాతి తొట్టెలో తెల్లగా ఉప్పు కనిపించింది. మేఘగిరి కొండ ఉప్పే. గుప్పెడు తీసి చెయ్యి చాపబోయాడు.

ఇక్కడే అతడు తప్పు చేశాడు. మేఘగిరి కాపరి మందకు ఉప్పు పెట్టేటప్పుడు ముందు తన నాలుకకు రాసుకుంటాడు. ఉప్పులో విషముంటే ముందు తానే పోవాలని వాళ్ళ కట్టుబాటు. తాతముత్తాతల నుంచి వచ్చిన అలవాటు, చెయ్యి దానంతట అదే నోటికి పోతుంది. మైలారు చెయ్యి కూడా పోయింది.

నాలుకకు తగిలీ తగలకముందే ఎడమచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని గిట్టలయ్యాయి. మోచేతి దాకా తెల్లని బొచ్చు సర్రున పాకింది. బయ్యమ్మ అతని వీపు మీద ఈడ్చి ఒక్క గుద్దు గుద్దింది. "ఉమ్మెయ్! ఉమ్మెయ్ రా తమ్ముడూ!" ఉప్పు గొంతు దిగకముందే బయటపడింది. బొచ్చు మోచేతి దగ్గరే ఆగింది.

"నేను మొత్తుకుందామనుకునే లోపలే నాకేస్తివే!" అని కాళ్ళ దగ్గర ఎవరో మూలిగారు. ఒక బక్క గొర్రె. దాని ముఖం మాత్రం మనిషి ముఖం.

"నాయనా!" అంటూ బయ్యమ్మ దాని మెడ మీద పడిపోయింది.

సన్నప్ప రొప్పుతూ చెప్పిన మాటలివి. ఈ దీవి ఊర్ణకేతుడనే మాంత్రికుడిది. ఈ మందలోనివన్నీ మనుషులే. పని పోయిన నేతగాళ్ళు, ఇక్కడ పని దొరుకుతుందని ఆశపడి వచ్చిన వాళ్ళు. రోజూ మధ్యాహ్నం మంత్రించిన ఉప్పు పెడతాడు. ఒక చిటికెడు ఉప్పుకు ఒక దినం. ఇవాళ మధ్యాహ్నం తింటే రేపు మధ్యాహ్నం వరకూ గొర్రె. సముద్రపు ఉప్పుకు మంత్రం పట్టదు. కొండ కడుపులో పుట్టిన ఉప్పుకే పడుతుంది. "రెండు దినాలుగా నేను నాలిక కింద పెట్టుకొని ఉమ్మేస్తాండా. రవ్వంత కరిగి దిగుతానే ఉంటాది, అందుకే మొగమొకటే తిరిగొచ్చింది. రేపటికి వొళ్ళు గూడా వస్తాదేమో" అన్నాడు ముసలాయన.

మైలారు తన గిట్టల చెయ్యి వైపు చూసుకున్నాడు. తన దేశపు ఉప్పు! పెంకుటిళ్ళు లేచాయని ఊరంతా మురిసిన ఉప్పు! ఆ ఉప్పుతోనే ఇక్కడ మనుషులను కట్టేసి, వాళ్ళ ఒంటి బొచ్చు పీకి, నేసి, తిరిగి తమ మీదికే తోలుతున్నారు. అతని కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏడవకు నాయనా. కొత్త గొర్రెలు మొదట అందరూ ఏడుస్తారు" అని ఒక తియ్యని గొంతు వినిపించింది.

గాలిలో గిరగిర తిరిగే బంగారు కదురు మీద పద్మాసనం వేసుకుని ఊర్ణకేతుడు దిగుతున్నాడు. చంద్రకాంతపు కిరీటం, నేలను తాకే వెండి గడ్డం, గడ్డం కొసన వేలాడే పుర్రెల గజ్జెలు.

"దొంగముండా కొడకా! మా దేశంలోకి దొంగతనంగా దూరి..." అని మైలారు అరిచాడు.

మాంత్రికుడు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "దొంగతనమా? నేను మీ కోటగోడ దూకానా? కావలివాణ్ణి చంపానా? మీ రాజు సంతకం చేసి తలుపు తీశాడు. చంద్రవంక రాజు ముద్ర ఇచ్చి దారి చూపాడు. పిలిచిన ఇంటికి వచ్చినవాణ్ణి అతిథి అంటారు." గుప్పెడు ఉప్పు తీసి మంత్రం చదవబోయాడు.

మైలారు మంద వైపు తిరిగి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. సాయంత్రం మందను ఇంటికి మళ్ళించే ఈల అది. ఏ కొండలోనైనా, ఏ రాజ్యంలోనైనా గొంగడి నేసేవాళ్ళందరికీ తెలిసిన ఈల. ఆ వేల తలలు ఒక్కసారి లేచాయి. గొర్రె చర్మాల కింద ఎన్నాళ్ళ కోపం దాగి ఉందో ఏమో, మంద మొత్తం ఒక్క అలలా మాంత్రికుడి మీదికి ఉరికింది. బంగారు కదురు కింద పడింది. వెండి గడ్డం గిట్టల కింద చిక్కుకుంది. "నా గడ్డం! నా గడ్డం!" అని ఊర్ణకేతుడు కీచుగా అరిచాడు. ఆ సందులో మైలారు మంత్రించిన ఉప్పు చిటికెడు మూటగట్టుకున్నాడు, సన్నప్పను భుజాన వేసుకున్నాడు, ముగ్గురూ ఒక చిన్న పడవలోకి దూకారు. మంద మాత్రం దీవిలోనే ఉండిపోయింది. మైలారు పడవలో నిలబడి, "మళ్ళీ వస్తా! మిమ్మల్ని వదిలిపెట్టను!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

పడవ రేవు చేరింది. బయ్యమ్మ ఎక్కడి నుంచో రెండు గుర్రాలు విప్పుకొచ్చింది. ఎవరివని మైలారు అడగలేదు. గుర్రాలు నోట నురగలు కక్కేలా తోలి, మర్నాడు మధ్యాహ్నానికి రెండు రాజ్యాల సరిహద్దులోని కొమ్ముకనుమ చేరారు. సన్నప్ప దారిలోనే పూర్తిగా మనిషయ్యాడు. కనుమ ద్వారం వంద అడుగులుందనగా, పొద్దు నడినెత్తికి వచ్చింది. మైలారు ఎడమచేతి గిట్టలు విచ్చుకుని వేళ్ళయ్యాయి. బొచ్చు రాలిపోయింది.

"అయ్యో! రుజువు పోయె గదా!" అంది బయ్యమ్మ.

కనుమ ద్వారానికి అడ్డంగా తాటిమానంత ఇనుప దూలం. సరుకుల బండ్లు వచ్చినప్పుడల్లా అది పైకి లేస్తోంది, బండ్లు దాటగానే దిగుతోంది. కావలి నాయకుడు మేఘగిరివాడే. మైలారు చెప్పినదంతా విన్నాడు. అతని ముఖం వాడిపోయింది.

"మీ అక్క నాకు తెలుసప్పా. నా వొంటిమీది గొంగడి ఆయమ్మ నేసిందే. కానీ నేనేం జేసేది? సరుకును ఆపితే నా తల పోతాది. మనిషిని వదిలినా నా తల పోతాది. అట్ల రాసినారు."

"ఈ ముసలాయనను చూడు! నిన్నటి దాకా గొర్రె!"

"ఇప్పుడు మనిషే గదా? కొలువులో ఈయన్ను నిలబెట్టి గొర్రెగా ఉండె అంటే, మీ అక్కను నవ్వినట్టే నిన్నూ నవ్వుతారు. అదీగాక, లోపలికి ఎట్ల పోతావు? కొండదారిన పోతే ఐదు దినాలు."

రేపు సాయంకాలమే గడువు. మైలారు ద్వారం ముందు బండరాయి మీద కూలబడ్డాడు. అతని ఎదుటే గొంగళ్ళ బండ్లు దర్జాగా దాటిపోతున్నాయి. ఉప్పు బండ్లు ఇటు వస్తున్నాయి. చంద్రవంక నుంచి నూరు గొర్రెల మంద ఒకటి వచ్చి, దూలం ఎత్తడం కోసం ఎదురుచూస్తోంది. ఎండుచేపకు దారి ఉంది, గొర్రెకు దారి ఉంది. కన్నతల్లి కడుపున పుట్టిన మనిషికి మాత్రం తన సొంత నేలలోకి దారి లేదు! ఆ కోపంలోనే అతనికి ఒక ఆలోచన తట్టింది. మొలలోని మూట తీశాడు.

బయ్యమ్మకు అర్థమైంది. "వద్దు తమ్ముడూ!"

"ఇప్పుడు తింటే రేపీపాటికి మనిషినవుతా. ఈ మంద వెంట రాజధానికి పోతా. గొర్రె మనిషి కావడం కొలువంతా చూస్తే, అంతకంటే రుజువేముంది?"

"ఆ ఉప్పు నేను తింటా. నాకు అలవాటే" అన్నాడు సన్నప్ప. లేచి నిలబడబోయి దగ్గుతూ కూలిపోయాడు. మైలారు ఆయన పాదాలకు మొక్కాడు. మూట విప్పి, ఉప్పు నోట్లో పోసుకుని మింగేశాడు.

ఒళ్ళంతా నిప్పు పాకినట్టయింది. కేక బయటికి రాలేదు. నాలుగు కాళ్ళ మీద లేచిన తెల్లగొర్రె ఒకటి బయ్యమ్మ వైపు ఒక్కసారి చూసి, మందలోకి దూరిపోయింది.

దూలం లేచింది. కావలి నాయకుడు కర్రతో ఒక్కో గొర్రెనూ తాకుతూ లెక్కపెట్టాడు. "నూటొకటి."

"నేను తోలుకొచ్చింది నూరే గదన్నా" అన్నాడు మంద తోలేవాడు తల గోక్కుంటూ.

"ఒకటి ఎక్కువైతే నీకేం నష్టం? సుంకమా పాడా! యాడికి ఇవన్నీ?"

"రాజుగారి వంటశాలకు. రేపు సంధి విందు గదా. పొద్దు పొడిచీ పొడవకముందే అన్నిటినీ కోసేయాలంట."

మంద మధ్యలో ఒక గొర్రె నిలువునా ఆగిపోయింది. మెడ తిప్పి, గొంతు చించుకుని అరిచింది. అరుపు తప్ప మాట రాలేదు. మధ్యాహ్నానికి గానీ అతడు మనిషి కాడు. కోత పొద్దున్నే!

"ఆపండి! ఆ గొర్రెను ఆపండి! అది గొర్రె కాదు, మనిషి!" అని అరుస్తూ బయ్యమ్మ ద్వారం మీదికి ఉరికింది. కావలివాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు.

నాయకుడు ఆమె దగ్గరకు వచ్చాడు. అతనికి విషయం అర్థమైంది. ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు:

"గట్టిగా అనొద్దు తల్లీ. మనిషే అయితే నేను వెనక్కి తోలాల్సి వస్తాది. అప్పుడు వాళ్ళక్క పోయినట్టే. గొర్రె అయితేనే లోపలికి పోనిస్తా. ఆలోచించి చెప్పు. ఏమిటది?"

దూలం కింద నుంచి, మందకు వెనకబడి ఆఖరిదైన ఆ గొర్రె మెడ తిప్పి ఆమె వైపే చూస్తోంది. బయ్యమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"గొర్రే" అంది.

నాయకుడు చెయ్యి ఊపాడు. ఇనుప దూలం దిగింది.